పసిపిల్ల కన్ను మెరిస్తే మురవకండి

మా పర్ణశాలకి యాత్రికులు బస్సులేసుకుని వస్తారు. సీతమ్మ చీర ఆరేసిన బండ చూస్తారు, బంగారు లేడి కథ వింటారు, మెరిసేదాన్ని చూసి ముచ్చటపడితే ఎంత పని జరిగిందో తెలుసుకుని మళ్ళీ బస్సెక్కుతారు. ఆ కథ సంగతి నాకెందుకు గానీ, మెరుపు చూసి ముచ్చటపడినందుకు ఒక పాప కన్ను పోయిన సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. ముచ్చటపడిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఇది రాస్తున్నా.

పంద్రాగస్టు నాడు బళ్ళో జెండా ఎగరేశాక ఫోటోలు దిగాం. ఆ రోజు మబ్బు పట్టి వరండా అంతా చీకటిగా ఉంది. ఫోనులో ఫ్లాష్ వెలిగింది. నాలుగో తరగతి పిల్ల ఒకతి చంకలో ఏడాదిన్నర చెల్లెల్ని ఎత్తుకుని నిలబడింది. ఫోటోలో ఆ చంటిదాని ఒక కన్ను ఎర్రగా పడింది, రెండో కన్ను తెల్లగా, ముత్యం పెట్టినట్టు పడింది. 'పిల్లి కన్ను పిల్ల' అని అందరం నవ్వాం. నేను డిగ్రీ చదివినవాణ్ణి. మా ఇంట్లో వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటివాణ్ణి. పిల్లలకి కన్ను బొమ్మ గీసి కార్నియా, రెటీనా అని పేర్లు పెట్టించేవాణ్ణి. నాకు తోచలేదు.

తోచింది ఆ పిల్ల నాయనమ్మకి. 'సారూ, మూడు నెల్ల సంది చూస్తన్న. రాత్రి దీపం కాడ దీని కన్ను మెరుస్తంది, పగటిపూట మెరవదు. నా కోడలికి చెప్తే నీ కళ్ళే మసకలు అంటది' అన్నది. అవ్వ కంట్లో శుక్లం ఉన్న మాట నిజమే. అయినా చూసింది ఆమే.

తర్వాత జరిగింది మీకు తెలిసిన కథే. మొదట చనుబాలు పిండారు, నందివర్ధనం పూలు అద్దారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ చుక్కల మందు ఇచ్చాడు. నెల తర్వాత కన్ను కొంచెం ముక్కు వైపు తిరిగింది. పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి పోతే అర నిమిషం చూసి, 'మెల్లకన్ను, మూడేళ్ళు నిండాక తీసుకురండి, అప్పుడు చూద్దాం' అని పంపించాడు. పాప కంటిలోకి లైటు వేసి చూడలేదు. తండ్రి మెడలో తువ్వాలు, తల్లి కాళ్ళకి చెప్పులు లేకపోవడం మాత్రం చూసి ఉంటాడు. ఎవరా డాక్టరు అని అడక్కండి. ఒకడి పేరు రాస్తే మిగతావాళ్ళందరూ తప్పించుకుంటారు.

ఎనిమిది నెలలు గడిచాక కన్ను ఎర్రబడి, ఉబ్బి, పిల్ల రాత్రంతా ఏడుస్తుంటే అప్పుడు హైదరాబాదు ఎక్కించాం. కన్ను దక్కలేదు. ప్రాణం దక్కింది. ఇంకో రెండు మూడు నెలలు ఆగి ఉంటే అదీ దక్కేది కాదని అక్కడివాళ్ళు చెప్పారు.

ఆ జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. కంటి వెనక గోడకి అంటుకుని ఉండే చూపు పొర రెటీనా. ఆ పొరలో పుట్టే క్యాన్సర్ గడ్డ ఇది. పెద్దవాళ్ళ జబ్బు కాదు, ఐదేళ్ళలోపు పసిపిల్లలది. గడ్డ తెల్లగా, సున్నపు ముద్దలా పెరుగుతుంది. మామూలుగా కంట్లోకి వెలుతురు పోతే వెనక నెత్తురు రంగు కనబడుతుంది, అందుకే ఫోటోల్లో కళ్ళు ఎర్రగా పడతాయి. వెనక తెల్ల గడ్డ ఉంటే వెలుతురు దాని మీద పడి తెల్లగా తిరిగొస్తుంది. మసక చీకట్లో కంటిపాప పెద్దగా తెరుచుకుంటుంది కాబట్టి మెరుపు అప్పుడే తెలుస్తుంది, ఎండలో తెలియదు. అవ్వ చెప్పిన మాటకీ వైద్య పుస్తకంలో ఉన్న మాటకీ తేడా ఏమీ లేదు.

తెల్లగా కనబడిన ప్రతి కన్నూ క్యాన్సర్ కాదు. పుట్టుకతో వచ్చే శుక్లం కావచ్చు, మరో జబ్బు కావచ్చు, ఒక్కోసారి ఫోటో పక్కనుంచి తీసినందుకు కూడా అలా పడుతుంది. మెల్లకన్నూ అంతే. కానీ ఏది ఏదో తేల్చాల్సింది కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి వెనక దాకా చూడగల కంటి డాక్టరు. నేనూ కాదు, ఆర్‌ఎంపీ కూడా కాదు. వారం రోజుల్లోపు చూపించాలి, పండక్కి వచ్చినప్పుడు చూద్దాం అనుకోకూడదు. మత్తు ఇచ్చి రెండు కళ్ళూ పరీక్షిస్తారు, కంటి మీద స్కానింగు చేస్తారు. గడ్డలో సున్నపు పలుకులు ఉంటే స్కానులో తెలుస్తుంది. ఒక ముఖ్యమైన మాట. మిగతా క్యాన్సర్లకి సూది గుచ్చి ముక్క తీసి చూస్తారు. ఈ కంటికి అలా గుచ్చకూడదు. గుచ్చితే గడ్డ కణాలు కంటి బయటికి వస్తాయి. తెలియనివాళ్ళు ఎవరైనా సూది వేద్దామంటే పిల్లని ఎత్తుకుని బయటికి వచ్చేయండి.

పుట్టిన 15 వేల నుంచి 18 వేల మంది పిల్లల్లో ఒకరికి ఇది వస్తుంది. మన దేశంలో ఏటా సుమారు 1500 మంది పిల్లలకి వస్తుందని లెక్క. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది, ఆ లెక్కన మన జిల్లాలో అటూ ఇటుగా ఏడాదికి ఒక బిడ్డ. 'ఒక్కరేనా' అనిపిస్తుంది. మలేరియా, రక్తహీనత ముందు ఇది ఏ మూల అంటారు కొందరు మన కార్యకర్తలే. నేనూ మొదట అలాగే అన్నాను. కానీ ఆ ఒక్క బిడ్డ ఏ ఇంట్లో పుట్టిందన్న దాన్ని బట్టి బతకడమా చావడమా అనేది తేలుతోంది. అది జబ్బు చేసే పని కాదు.

ఇది నా ఆవేశం కాదు, లెక్కలున్నాయి. 2017లో 153 దేశాల్లో ఈ జబ్బుతో వచ్చిన 4351 మంది పిల్లల వివరాలు సేకరించి 2020లో అచ్చు వేశారు. డబ్బున్న దేశాల్లో బిడ్డకి సగటున 14 నెలలప్పుడు జబ్బు బయటపడుతోంది. బాగా పేద దేశాల్లో 30 నెలలు దాటాక. డబ్బున్న దేశాల్లో గడ్డ కన్ను దాటి బయటికి వచ్చాక డాక్టరు దగ్గరికి చేరేవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. పేద దేశాల్లో నూటికి 49 మంది. మూడేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళ లెక్క చూస్తే అక్కడ నూటికి 99, ఇక్కడ 57. ఒకే గడ్డ, ఒకే మందులు. మధ్యలో ఉన్నది పదహారు నెలలు. ఆ పదహారు నెలల్లో ఏముంటుందో మన ఊళ్ళవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లి మాట నమ్మని మొగుడు, నాయనమ్మ మాట నమ్మని కోడలు, మందులు లేని పీహెచ్‌సీ, వాగు దాటలేని వాన, కూలి పోతుందన్న భయం, తల ఎత్తి చూడని డాక్టరు.

ఎందుకు వస్తుంది అని అడుగుతారు. గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టిందనీ, ఎవరో చేతబడి చేశారనీ, గర్భంతో ఉండి చూడకూడనిది చూసిందనీ ఎన్ని మాటలో. మా పాప తల్లిని అత్తగారి ఊళ్ళో ఆరు నెలలు మాటలతో చంపారు. మేనరికం వల్ల వచ్చిందని చదువుకున్నవాళ్ళు అన్నారు. అదీ తప్పే. మేనరికంతో వేరే జబ్బులు వస్తాయి గానీ ఇది అలా వచ్చేది కాదు. మన ఒంట్లో ప్రతి కణంలో కణం అదుపు తప్పకుండా ఆపే జన్యువు ఒకటి, రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ చెడితేనే గడ్డ పుడుతుంది. ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికా డాక్టరు 1971లో ఈ జబ్బు పిల్లల లెక్కలు పెట్టి ఈ సంగతి కనిపెట్టాడు. క్యాన్సర్ అంటే ఏమిటో ప్రపంచానికి అర్థమైంది చాలా మటుకు ఈ పసిపిల్లల కళ్ళ వల్లే. పది మందిలో సుమారు ఆరుగురికి ఆ చెడటం పుట్టాక ఒక్క కంట్లోనే, దానంతటది జరుగుతుంది. ఎవరి తప్పూ లేదు. మిగతా నలుగురికి ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది. రెండు కళ్ళకీ వచ్చేది వీళ్ళకే. అందులోనూ చాలామంది తల్లిదండ్రుల్లో ఎవరికీ ఆ జబ్బు ఉండదు.

అందుకే ఒక బిడ్డకి వస్తే తోడబుట్టినవాళ్ళందరినీ చూపించాలి. తర్వాత పుట్టే బిడ్డని పుట్టిన రోజుల్లోనే చూపించాలి. ఈ మాట చెప్పకుండా పంపించే డాక్టర్లు ఉన్నారు, చెప్పినా మర్చిపోయే మనమూ ఉన్నాం.

ఇక అసలు భయం దగ్గరికి వస్తా. 'కన్ను తీసేయాలి' అన్న మాట.

ఆ మాట విన్న రాత్రి మా పాప తండ్రి హాస్పిటల్ నుంచి పిల్లని తీసుకుని బస్టాండుకి వచ్చేశాడు. నాకు తమ్ముడి వరస. ఫోన్ చేసి, 'అన్నా, ఆడపిల్ల. ఒంటికన్ను పిల్లని ఎవడు చేసుకుంటడు? ఉన్నన్ని దినాలు రెండు కళ్ళతోనే ఉండనీ' అన్నాడు. నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. తిట్టాను అనుకుంటా. అతన్ని ఆపింది నా తిట్లు కావు. అదే వార్డులో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి తన కొడుకుని చూపించి, 'వీడి కళ్ళలో ఏది రాయి కన్నో చెప్పు తమ్మీ' అందంట. అతను చెప్పలేకపోయాడు. పొద్దున్నే సంతకం పెట్టాడు.

కన్ను తీయడమంటే మొహం పాడుచేయడం కాదు. కనుగుడ్డు ఒక్కటే తీస్తారు, రెప్పలు, వెంట్రుకలు అలాగే ఉంటాయి. లోపల గుండ్రని గోళీ లాంటిది పెట్టి కండరాలు దానికి కలుపుతారు. ఆరు వారాల తర్వాత రెండో కంటి రంగుకి సరిపడా కృత్రిమ కన్ను చేసి అమరుస్తారు. అది కొద్దిగా కదులుతుంది కూడా. తీసేది కూడా ఇంక చూపు రాని కన్నునే. 1809లోనే జేమ్స్ వార్డ్రోప్ అనే స్కాట్లాండు డాక్టరు త్వరగా కన్ను తీస్తే బిడ్డ బతుకుతుందని రాశాడు. అప్పటికి మత్తుమందు కూడా లేదు. రెండు వందల ఏళ్ళ నాటి ఆ సంగతి మన గూడేనికి ఇంకా చేరలేదు.

తీసిన కన్నుని తప్పకుండా ల్యాబుకి పంపించాలి. చూపు నరంలోకి గడ్డ పాకిందా లేదా అక్కడే తెలుస్తుంది, తర్వాత కీమో ఇవ్వాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. 'కన్ను పరీక్షకి పంపారా, రిపోర్టు ఏది' అని నోరు తెరిచి అడగండి. అడిగితే కసురుతారు. కసరనివ్వండి.

ముందుగా వస్తే కన్ను తీయాల్సిన పని లేకుండానే చాలా మందికి నయమవుతుంది. మూడు నాలుగు వారాలకి ఒకసారి చొప్పున ఆరు విడతల కీమో, మధ్యలో లేజరుతోనో, గడ్డకట్టించే చల్లదనంతోనో గడ్డని మాడ్చడం. ఇంకో పద్ధతి ఉంది, దాంట్లో మన ప్రాంతం పేరు రావాలి గానీ ఎవరూ చెప్పరు. గోదావరి అవతల గట్టున అశ్వాపురంలో భారజలం తయారవుతుంది కదా, అది అణు రియాక్టర్లలో వాడేది. అలాంటి రియాక్టర్లలో కాలిన ఇంధనం వ్యర్థం నుంచి రుథీనియం అనే లోహాన్ని విడదీసి, భాభా అణు పరిశోధన కేంద్రంవాళ్ళు రూపాయి బిళ్ళంత పలక చేశారు. దాన్ని కనుగుడ్డు బయటి గోడకి, సరిగ్గా గడ్డ ఉన్న చోట కుట్టి, కొద్ది రోజులు ఉంచి తీసేస్తారు. రేడియేషన్ గడ్డకే తగులుతుంది, కన్ను నిలుస్తుంది. ఇంతకుముందు ఆ పలకలు విదేశాల నుంచి తెప్పించేవాళ్ళు. మన ఇళ్ళ ముందు నుంచే పోయిన కరెంటు తీగలు, పైపులు మన గుంపులకి ఆగకుండా ఎట్లా పోయాయో ఈ వైద్యమూ అట్లాగే పోతోంది.

వైద్యం దొరికే చోటు లేకపోలేదు. హైదరాబాదులో సరోజినీదేవి సర్కారు కంటి దవాఖాన ఉంది, ఎంఎన్‌జె క్యాన్సర్ దవాఖాన ఉంది. 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్లకే ప్రత్యేక విభాగం ఉంది. కట్టలేని వాళ్ళకి ఉచితంగా చేస్తారు, నేను చూశాను. కంటి గడ్డల మీద పని చేసిన డాక్టర్ సంతోష్ హోనావర్‌కి 2009లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది. అంటే తెలివి హైదరాబాదులో ఉంది, జబ్బు దుమ్ముగూడెంలో ఉంది, మధ్యలో మూడు వందల కిలోమీటర్లున్నాయి. ఆ నగరంలో మే నెలలో ఈ జబ్బు గురించి తెలియజెప్పడానికి వైటథాన్ అని పరుగు పెడతారు. మంచిదే, ఎవరినీ తప్పు పట్టడం లేదు. మే నెలలో మనవాళ్ళూ పరిగెత్తుతారు, తునికాకు కోతకి.

ఆ మాటెత్తాను కాబట్టి పెద్దవాళ్ళ సంగతి కూడా రెండు ముక్కలు. ఎండలో ఏళ్ళ తరబడి పనిచేసే వాళ్ళకి నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట తెల్లగానో ఎర్రగానో కండ పెరుగుతుంది. చాలా వరకు అది మామూలు కండే. కానీ త్వరగా పెరిగితే, గరుకుగా, నెత్తురు నాళాలతో ఉంటే అది కంటి పైపొర క్యాన్సర్ కావచ్చు. మొదట్లో వస్తే కోసి, అంచులు చల్లదనంతో మాడ్చి తీసేస్తారు, కొందరికి చుక్కల మందుతోనే కరిగిస్తారు. చిన్న వయసులో వస్తే హెచ్‌ఐవి పరీక్ష కూడా చేయించుకోవాలి, సిగ్గుపడి దాచుకుంటే రెండు జబ్బులూ పెరుగుతాయి. ఇంకొకటి రెప్ప మీద కురుపు. నలభై దాటినవాళ్ళకి అదే చోట మళ్ళీ మళ్ళీ వస్తున్నా, అక్కడ వెంట్రుకలు రాలుతున్నా అది కురుపు కాదు. రెప్పలోని నూనె గ్రంథుల క్యాన్సర్ మన దేశంలో తెల్లవాళ్ళలో కంటే చాలా ఎక్కువ. కోసి తీసినప్పుడు ముక్కని ల్యాబుకి పంపమని అడగాలి. మా పెదనాయన కురుపుని మూడుసార్లు కోయించుకున్నాడు, ఒక్కసారీ ఎవరూ పంపలేదు. ఆయన లేడిప్పుడు.

2023 జనవరిలో కంటి వెలుగు రెండో విడత మన ఖమ్మంలోనే ముఖ్యమంత్రుల్ని పిలిచి మొదలుపెట్టారు. కళ్ళజోళ్ళు వచ్చాయి, మా అమ్మకీ వచ్చింది, చదువు రాకపోయినా బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. కానీ ఏడాది బిడ్డకి కళ్ళజోడు శిబిరం ఏం చేస్తుంది? పిల్లల కోసం 2013 నుంచి బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, అంగన్‌వాడీలకి డాక్టర్ల బృందం రావాలి. వస్తే బరువు చూసి, గోళీలిచ్చి, రిజిస్టరులో సంతకం చేయించుకుని పోతారు. చీకటి గదిలో పిల్ల కంటిలోకి ఆఫ్తాల్మోస్కోపు పెట్టి చూసే పరీక్ష ఒక్క నిమిషం పని. మందు అక్కర్లేదు, నర్సులకి నేర్పించవచ్చు. టీకాలకి ఎలాగూ 9 నెలలకి ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోసారి ప్రతి బిడ్డా వస్తుంది. అదే రోజు కళ్ళు కూడా చూడండి అని అడగడం గొంతెమ్మ కోరికా? తట్టు టీకా వేసే చేతికి ఆ లైటు ఒకటి ఇవ్వమని మన మండలాల్లో ప్రతి సంఘమూ ఐటీడీఏకి, జిల్లా వైద్యాధికారికి రాసి పెట్టాలి. నోటితో అడిగితే గాలికి పోతుంది, రసీదు తీసుకోండి.

డబ్బు సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పది లక్షలు చేశారు. అదే రోజు నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, బస్సులు మారుకుంటూ అయినా తల్లి పోవచ్చు. క్యాన్సర్ రోగికీ, తోడు పోయే ఒకరికీ రైల్లో రాయితీ ఉంది, దవాఖానలో ఫారం రాయించుకోవాలి. దవాఖానలో దిగగానే ఆరోగ్యమిత్ర ఎక్కడున్నాడో అడగండి. ఇవన్నీ కార్డు ఉన్నవాళ్ళ మాట. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిపాక భద్రాచలం పొలిమేర దాటితే వేరే రాష్ట్రం. ఎటపాక బిడ్డకి ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో గుమాస్తాకే తెలియదు. ఇక 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చి అడవిలో గుంపులు కట్టుకున్న గొత్తికోయలు ఉన్నారు. చాలా మందికి ఇక్కడ ఎస్టీ పత్రం లేదు. వాళ్ళ బిడ్డ కన్ను మెరిస్తే చూసేవాళ్ళు, మోసేవాళ్ళు ఎవరు? మాలపల్లెలో, మాదిగ గూడెంలో మనం సంఘం పెట్టుకున్నాం, మన పిల్లలకి మనం ఉన్నాం. కోయ గుంపుకి, గొత్తికోయ గుంపుకి మనం పోతున్నామా? ఈ ప్రశ్న నన్ను నేనే అడుగుతున్నా, నేను పోవడం లేదు కాబట్టి.

మధ్యలో వైద్యం మానేయడం ఇంకో పెద్ద దెబ్బ. రెండు విడతల కీమోకి మెరుపు తగ్గితే నయమైపోయిందని ఇంటికి వచ్చేస్తారు. మిరప కోతలు వచ్చాయనీ, చార్జీలు లేవనీ ఆగిపోతారు. గడ్డ ఆగదు. ఊరికి ఒకరు తారీకులు రాసి పెట్టుకుని, ఆ రోజు ఆ ఇంటి ముందు నిలబడి బస్సెక్కించాలి. బడి టీచర్లం మనకి హాజరు పట్టీ రాసే అలవాటు ఎలాగూ ఉంది.

మా పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. అంగన్‌వాడీలో కూర్చుంటోంది. కృత్రిమ కన్ను ఒకసారి ఊడదీసి కడుక్కుని తనే పెట్టుకుంటే మిగతా పిల్లలు గుంపుగా చేరి చూశారంట. పోయిన ఏడాది దానికి తమ్ముడు పుట్టాడు. నెలలోపే తీసుకుపోయాం, రెండు కళ్ళూ చూశారు, ఏమీ లేదన్నారు, అయినా మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు. వచ్చే నెల 12న మళ్ళీ చూపించాలి. ఈసారి మణుగూరు రైలుకి వాళ్ళ నాయనమ్మ కూడా బయల్దేరుతోంది. తన శుక్లం సంగతి కూడా అక్కడే చూపించుకుంటానంటోంది.